ఆర్‌ఎస్‌టీని ‘పునఃప్రారంభ ఆదేశం’ అనవచ్చా?

ప్రశ్న: టీఐ-83 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌కి అసెంబ్లీ భాష (ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే భాష) పాఠాలు తెలుగులో రాస్తున్నాం. జెడ్80 ప్రాసెసర్‌లోని ఆర్‌ఎస్‌టీ, అంటే రీస్టార్ట్‌ని ‘పునఃప్రారంభ ఆదేశం’ అన్నాం. సరేనా అండీ?

జవాబు: వద్దండీ. చదివినవాళ్లు మెషీన్ ఆగి మళ్లీ మొదలవుతుందనుకుంటారు. ఆ అర్థం అతికేది ఆర్‌ఎస్‌టీ 00కే. పవర్ రాగానే ప్రాసెసర్ మొదలయ్యేదీ సున్నా అడ్రసు నుంచే. నిజానికి ఎనిమిది ఆర్‌ఎస్‌టీలూ (00, 08, 10, 18, 20, 28, 30, 38, హెక్స్‌లో) చేసేది కాల్ (రొటీన్‌ని, అంటే చిన్న ప్రోగ్రాం ముక్కని, పిలిచే ఆదేశం) పనే: తిరుగు అడ్రసును స్టాక్ (అడ్రసులను తాత్కాలికంగా దాచే మెమరీ) మీద పెట్టి ఆ చోటికి వెళ్లడం. కాల్‌కి 3 బైట్లు, 17 టీ-స్టేట్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడితే దీనికి 1 బైటు, 11 టీ-స్టేట్లు చాలు. ‘పొట్టి పిలుపు’ అనండి.

మరొకరు: ‘స్థిర పిలుపు’ మేలు కదా? చేరే చోటు మారదు.

జవాబు: కాల్‌లో రాసిన అడ్రసూ మారదండీ. ఆర్‌ఎస్‌టీలో అడ్రసు ఆదేశపు బైటులోనే మూడు బిట్లుగా ఇమిడిపోతుంది. మూడు బిట్లు కాబట్టే ఎనిమిది చోట్లు. పొట్టితనమే దీని గుణం.

ప్రశ్నించినవారు: సరే, ‘పొట్టి పిలుపు’ అనే రాస్తాం. మాన్యువళ్లలో వెతుక్కోవడానికి రీస్టార్ట్ అన్న పేరును మొదటిచోట ఉంచుతాం. ఉదాహరణ ఏదైనా చెప్పండి.

జవాబు: రెండు దశాంశ సంఖ్యల కూడిక ఇవ్వండి. ఆ చోట్లలో క్యాలిక్యులేటర్ సొంత రొటీన్లు ఉంటాయి. హెచ్‌ఎల్‌ అనే రిజిస్టరు జతలో మొదటి సంఖ్య అడ్రసు నింపి ఆర్‌ఎస్‌టీ 20 అంటే ఆ సంఖ్య 9 బైట్లు ఓపీ1లోకి వస్తాయి (ఓపీ1, ఓపీ2 అంటే లెక్కల కోసం ర్యామ్‌లో ఉన్న చోట్లు). ఆర్‌ఎస్‌టీ 08 దాన్ని ఓపీ2లోకి నకలు చేస్తుంది. హెచ్‌ఎల్‌లో రెండో సంఖ్య అడ్రసు నింపి మళ్లీ 20, ఆపైన కూడికకు ఆర్‌ఎస్‌టీ 30. మొత్తం ఓపీ1లో ఉంటుంది. కొత్తవాళ్లు మధ్యలోని 08ని మరచిపోతారు. అప్పుడు ఓపీ2లో మిగిలిన పాత విలువే కలుస్తుంది. 38ని ముట్టుకోవద్దని రాయండి, అది ఇంటరప్ట్‌ల (నడుస్తున్న పనిని మధ్యలో ఆపించే సంకేతాల) దారి.

ఇంకొకరు: బీకాల్‌ని (క్యాలిక్యులేటర్ సిస్టమ్‌లోని ఇతర రొటీన్లను పిలిచే పద్ధతిని) మాత్రం పొట్టి పిలుపు అనకండి. అది ఆర్‌ఎస్‌టీ 28తోనే మొదలైనా వెనుక రెండు బైట్ల అడ్రసు ఉండాలి, మొత్తం 3. తెర తుడిచే రొటీన్ అడ్రసు 4540ని (హెక్స్‌లో) ఈఎఫ్ 40 45 అని (ఈఎఫ్ అంటే ఆర్‌ఎస్‌టీ 28 బైటు), చివరి బైటు ముందుగా రాస్తాం. ఆ రెండూ రాయకపోతే తర్వాతి ఆదేశపు బైట్లనే అడ్రసుగా తీసుకుంటుంది. క్యాలిక్యులేటర్ బిగుసుకుపోవడమో, ర్యామ్ చెరిగిపోవడమో జరుగుతుంది.