అటక మీద దొరికిన రష్యా ప్రొజెక్టర్: పిల్లలకి బొమ్మల కథలు వేసి చూపించాలంటే ఎలా?

పాలకొల్లు మనవడు:
అందరికీ నమస్కారం. పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారి పాత పెంకుటిల్లు విప్పేస్తున్నారు. అటక మీద సామాన్లు దింపుతుంటే ఆవకాయ జాడీల వెనక ఒక రేకు పెట్టె, అందులో చిన్న ఇనప ప్రొజెక్టరు, దాంతోపాటు ఫిల్ము చుట్టలు పెట్టిన బుల్లి అల్యూమినియం డబ్బాలు దొరికాయి. మా పెద్ద మావయ్య మాస్కోలో ఇంజనీరింగ్ చదువుకుని వచ్చేటప్పుడు తెచ్చినవి. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నాకు లీలగా గుర్తుంది. వేసవి సెలవల్లో కరెంటు ఉన్న రాత్రి చూసుకుని సావిట్లో తాతయ్య పంచె కట్టేవాళ్లు, మావయ్య బొమ్మలు వేసేవాడు. మంచు, ఎలుగుబంటి, ఎర్ర టోపీ పిల్ల, ఇలా ఏవేవో. బొమ్మ కదలదు, అలాగే నిలబడి ఉంటుంది, కింద రష్యన్ అక్షరాలు. మావయ్య కథ చెప్తూ పిడి తిప్పేవాడు. అక్కడ రాసిందే చదివేవాడా అంటే నాకు అనుమానమే, ఎందుకంటే ఆ ఎలుగుబంటి మా ఊరి సంతకొచ్చి బెల్లం అచ్చులు బేరమాడేది.

ఇంతకీ నా ప్రశ్న. దీన్ని ప్లగ్‌లో పెట్టి ఆన్ చేసేయొచ్చా? ఇన్నేళ్ల ఫిల్ములు పనికొస్తాయా? మా తమ్ముడేమో ఇదంతా ఎందుకురా, వీడియో చేయించి టీవీలో పెట్టేద్దాం అంటున్నాడు. సంక్రాంతికి పిల్లలందరూ వస్తారు, అప్పటికి ఏదో ఒకటి తేల్చాలి.

పాత రేడియోల బాబాయి, రావులపాలెం:
బాబూ, ప్లగ్ పెట్టకు! ముందు ఇది చదువు.

అది సినిమా మిషను కాదు. ఫిల్మోస్కోప్ అంటారు. ఫిల్ము మామూలు 35 మిల్లీమీటర్లదే గానీ షట్టరూ లేదు, మోటారూ లేదు. వెనక బల్బు, ముందు లెన్సు, మధ్యలో ఫిల్ము. పిడి తిప్పితే పళ్లచక్రం ఒక బొమ్మని జరిపి ఇంకో బొమ్మని తెస్తుంది, అంతే సంగతి. ఒక్కో బొమ్మ 18 x 24 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి యాభై బొమ్మల కథ కూడా మీటరు పొడుగు ఫిల్ములో సరిపోతుంది. అందుకే డబ్బాలు అంత బుల్లివి.

సోవియట్ దేశంలో ఒకప్పుడు ఇళ్లలో 127 వోల్టులూ ఉండేవి, 220 కూడా ఉండేవి. అందుకని అక్కడి పాత సామాన్లు చాలావాటికి వోల్టేజి మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. మీదానికి ఉందేమో వెనకా అడుగునా వెతుకు. 127 మీద ఉండగా మన కరెంటులో పెట్టావనుకో, ఆ బల్బు ఠపీమని పోతుంది, మళ్లీ అలాంటిది దొరకడం కష్టం. వైరుని నెమ్మదిగా వంచి చూడు, తొడుగు పొడిపొడిగా రాలుతుంటే వైరు మొత్తం మార్పించాకే మిగతా కథ. ప్లగ్గు కూడా అంతే. వాళ్ల పిన్నులు మన 5 ఆంపియర్ల సాకెట్టుకి సన్నం, వదులుగా కూర్చుని చిటపటలాడుతుంది.

ఇక ఫిల్ములు. డబ్బా మూత తీసి వాసన చూడు. వెనిగర్‌లాగా పుల్లటి వాసన కొట్టిందంటే ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టే. వేడీ చెమ్మా రెండూ ఉంటే ఇది తొందరగా పట్టుకుంటుంది, మన డెల్టాలో ఆ రెండిటికీ లోటేముంది. అలాంటి చుట్టని మిగతావాటి దగ్గర ఉంచకు, పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. రంగులన్నీ ఎర్రగా కనిపిస్తే కంగారు పడకు, ఆ కాలం ఫిల్ములు చాలావరకు అలాగే వెలుస్తాయి. ఎక్కించేటప్పుడు బొమ్మ తలకిందులుగా ఉండాలి, లెన్సే తిరగేసుకుంటుంది. ఒకే బొమ్మ మీద మరీ ఎక్కువసేపు ఆపకు, వేడికి ఫిల్ము ఉబ్బి మసకబారుతుంది.

వోరోనెజ్ అల్లుడు, అమలాపురం:
బాబాయి గారు చెప్పినవన్నీ ముందు చూసుకోండి. నేను 80ల్లో రష్యాలోనే మెడిసిన్ చదివాను, మా ఆవిడ పుట్టి పెరిగింది అక్కడి వోరోనెజ్ అనే ఊళ్లో. మీ పోస్టు చదివి వినిపించాక ఆవిడ మాటలు మొదలుపెట్టి ఒక పట్టాన ఆపలేదు.

చలికాలం అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి. బయట మంచు, పిల్లల్ని ఇంట్లోనే ఆడించాలి. బీరువా మీంచి దుప్పటి వేలాడదీసి, కుర్చీ మీద పుస్తకాలు పేర్చి వాటిమీద ప్రొజెక్టరు పెట్టేవారట. పక్క ఫ్లాట్ల పిల్లలు కూడా వచ్చి నేలమీద కూర్చునేవారు. మాస్కోలో ఈ ఫిల్ముల కోసమే దియాఫిల్మ్ అని ఒక స్టూడియో ఉండేది. పిల్లల కథలే కాదు, స్కూలు పాఠాలూ, అంతరిక్షం గురించీ కూడా తీసేవారు. రంగుల చుట్ట 30 కోపెక్కులే (మన పైసల్లాంటివి) కాబట్టి మామూలు ఇళ్లలో కూడా డబ్బాల కొద్దీ ఉండేవి.

పిడి తిప్పడం మాత్రం వాళ్ల నాన్నే, రేకు వేడెక్కి చెయ్యి కాలుతుందని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. బొమ్మ కింద ఉన్న రెండు ముక్కలు చదివే హక్కు ఆ ఏడు బళ్లో చేరినవాడిది. వాడు గొంతు సవరించుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఉంటే, వెనకనించి చదవడం వచ్చినవాళ్లు తిప్పు తిప్పు అని గోల, చదవడం రానివాళ్లేమో ఉండు ఇంకా చూడలేదని ఏడుపు! అయిపోయిందని రాసిన బొమ్మ పడ్డాక దుప్పటి మీద ఖాళీ వెలుగు మిగులుతుంది కదా, అందులో వేళ్లతో కుక్కలూ కుందేళ్లూ. ఆ తర్వాత కథంతా వెనక్కి తిప్పించేవారు. ఎర్ర టోపీ పిల్ల కథలో తోడేలు మింగేసిన అమ్మమ్మ దాని నోట్లోంచి బయటికొచ్చి బుద్ధిగా మంచమెక్కి పడుకుంటుంటే పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారట.

మీ తమ్ముడి మాట కూడా కొట్టిపారేయలేం, ఫిల్ము పోకముందే ఫొటోలు తీయించడం మంచిదే. కానీ వీడియోలో ఒక్కో బొమ్మ ఐదేసి సెకన్లు నిలిపి, వెనక ఏదో సంగీతం పెడతారు. తోడేలు దగ్గర ఎంతసేపు ఆగాలో ఎదురుగా కూర్చున్న పిల్లల మొహాలు చూసి తేల్చాల్సిన సంగతి, మిషను చేతిలో పెట్టేది కాదు. మావయ్య గారి బెల్లం బేరం కూడా ఆ ఆగిన టైములోనే కదా పుట్టింది.

భీమవరం బుల్లోడు:
మీరంతా గొప్పోళ్లండీ, ప్రొజెక్టర్లు చూశారు. మాకు రష్యా అంటే విశాలాంధ్ర వ్యానులో కొన్న బొమ్మల పుస్తకాలూ, నోటు పుస్తకాలకి అట్టలేసుకునే 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలూను. ఆ నున్నటి కాగితం మీద ట్రాక్టర్లు, నవ్వే ఆడాళ్లు. ఏడాది పొడుగునా లెక్కల పుస్తకం మీద వాళ్లే.

మా ప్రొజెక్టరు వేరు. మాడిపోయిన బల్బు టోపీ దగ్గర జాగ్రత్తగా తొలిచి, లోపలి తీగ రాలగొట్టి, నిండా నీళ్లు పోస్తే అదే లెన్సు. సినిమా హాలు వెనక తెగిన రీలు ముక్కలు ఏరుకొచ్చేవాళ్లం. ధాన్యం గది తలుపు వేసేసి, వీధిలో ఒకడు అద్దం పట్టుకుని ఎండని తలుపు సందులోంచి లోపలికి కొడితే, ఆ వెలుగుకి అడ్డంగా రీలు ముక్క, దాని ముందు బల్బు. గోడ మీద రామారావు గారు కిరీటంతో సహా ప్రత్యక్షం. టిక్కెట్టు రెండు గోళీలు. బయట అద్దం పట్టుకున్నవాడికే ఎప్పుడూ అన్యాయం, ఎండలో మాడేదీ వాడే, బొమ్మ చూడనిదీ వాడే. ఆ అద్దం నాదేనండి, మా అమ్మ పౌడరు డబ్బా పక్కనుండేది.

పాలకొల్లు మనవడు:
ఆయ్, అందరికీ థాంక్సండి. బాబాయి గారూ, అడుగున చిన్న తిప్పుడు మీట ఉంది, 127 మీదే ఉంది! మావయ్య మరి ఎలా వేసేవాడో, బహుశా ఇల్లు విప్పేటప్పుడు ఎవరో కదిపారు. వైరు మీరన్నట్టే రాలుతోంది, మా ఊరి ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చాను. ఒక్క డబ్బాలో మాత్రం పుల్లటి వాసన వస్తోంది, దాన్ని వేరే గదిలో పెట్టాను. డాక్టరు గారూ, మేడమ్ గారికి శ్రమ కాకపోతే, బొమ్మల ఫొటోలు తీసి పంపితే కింద ఏం రాసుందో చెప్పగలరా?

వోరోనెజ్ అల్లుడు, అమలాపురం:
తప్పకుండా పంపండి. ముందు ఆ వాసన వస్తున్న చుట్టనే ఫొటో తీయండి, అది ఎక్కువ కాలం ఉండదు. ఫోన్‌లో తెల్ల స్క్రీను పెట్టి దానిమీద ఓ తెల్ల ప్లాస్టిక్ ముక్క, ఆపైన ఫిల్ము పరిచి, రెండో ఫోన్‌తో దగ్గరగా తీస్తే అక్షరాలు బాగానే చదవొచ్చు. ఎలుగుబంటి కథలో బెల్లం ఉందో లేదో మాత్రం మీకు ముందే చెప్పొద్దంటోంది మా ఆవిడ.