డిగ్రీలో మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) సంబంధం లేని కోర్సులు: ఉంచాలా, తీసేయాలా?

నల్లబల్ల: యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు. వాటిలో 9 మల్టీడిసిప్లినరీ (వేరే శాఖల) కోర్సులకి, మరో 6 నుంచి 8 పర్యావరణం లాంటి వాల్యూ యాడెడ్ కోర్సులకి. వీటిని తీసేసి ఆ పీరియడ్లు మేజర్‌కి ఇవ్వాలంటారా?

లెడ్జర్: ఇచ్చేయాలండీ. మూడు క్రెడిట్ల కోర్సంటే సెమిస్టరుకి 45 గంటలు. ఆ టైములో బీకాం పిల్లలకి జీఎస్టీ రిటర్ను వేయడం దగ్గరుండి నేర్పచ్చు. ఇప్పుడేమో ఖాళీగా ఉన్న లెక్చరర్‌కి క్లాసు అప్పజెబుతున్నారు. పరీక్షకి వారం ముందు గైడు కొని ఐదు ప్రశ్నలు బట్టీ పడితే పాసు.

బ్యూరెట్: లెడ్జర్ గారూ, బట్టీ మాట నిజమే. సిలబస్‌లో "పర్యావరణంపై అవగాహన కలుగుతుంది" అని రాస్తే దాన్ని కొలవడానికి బట్టీ ప్రశ్న తప్ప ఏముంటుంది? పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు చెబితే వచ్చిన సబ్జెక్టు ఇది. తరవాత యూజీసీ ఇచ్చిన మాడ్యూల్‌లో 100 మార్కులకి 25 ఫీల్డ్ వర్క్‌వే. ప్రాణమంతా అక్కడే ఉంది, సీనియర్ల రికార్డు చూసి దించేసేదీ అక్కడే.

లక్ష్యం ఇలా రాసి చూడండి: "మన ఊరి బోరు నీళ్ళు పరీక్షించి, తాగచ్చో లేదో పంచాయతీకి ఒక పేజీలో చెప్పగలగాలి." 60 మందైతే ఐదుగురేసి 12 జట్లు. బోరు కాసేపు ఆడనిచ్చి, సీసాని అదే నీళ్ళతో రెండుసార్లు తొలిచి పట్టాలి. నీళ్ళ కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతున్నాయో) ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే టైట్రేషన్‌తో తేలిపోతుంది. భారత ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా. నల్లగొండ వైపైతే ఫ్లోరైడ్ కూడా చూడాలి. దాని హద్దు 1, గత్యంతరం లేకపోతే 1.5. ఆ శాంపిల్ గాజు సీసాలో పట్టకండి, ప్లాస్టిక్కే వాడాలి. ఏ బోరు, ఏ తేదీ, బ్యూరెట్ (ఆ రసాయనం పోసే కొలతల గాజు గొట్టం) మొదటి రీడింగు, చివరి రీడింగు అన్నీ అడిగితే పాత రికార్డు ఎందుకూ పనికిరాదు.

లెడ్జర్: బీకాం వాళ్ళ చేత బ్యూరెట్ ఎవరు పట్టిస్తారు? కెమిస్ట్రీ వాళ్ళ వర్క్‌లోడ్ ఇప్పటికే నిండిపోయింది.

బ్యూరెట్: ల్యాబులో రెండు పూటలు చాలు. ఆపైన మీ పిల్లల పనే. ఇంటికి నెలకి ఎన్ని 20 లీటర్ల క్యాన్లు, ఖర్చెంత, ఊరంతటికీ ఒక నీటిశుద్ధి ప్లాంటు పెడితే ఎంత పడుతుంది, ఈ లెక్క కట్టాల్సింది వాళ్ళేగా.

నల్లబల్ల: అలాగైతే ముందు టైమ్‌టేబుల్ సరిచేయాలి. అన్ని గ్రూపులకీ ఈ కోర్సుల పీరియడ్ ఒకేసారి పడకపోతే జట్లు కలవవు, మళ్ళీ ఖాళీగా ఉన్న లెక్చరరే దిక్కు.