గుర్రం కొనిపెట్టే ట్రైనర్ రెండువైపులా కమిషన్ తీసుకోవచ్చా?

ఫ్రిస్కో నాన్న
మా అమ్మాయికి వెస్టర్న్ ప్లెజర్ పోటీల కోసం గుర్రం కొనాలనుకుంటున్నాం. తెలియనివాళ్లకు: ఇందులో దూకడాలు, పందేలు ఉండవు. పగ్గం వదులుగా ఉంచినా గుర్రం నడక, జాగ్ (చిన్న పరుగు), లోప్ (నెమ్మది దౌడు) మూడూ నిదానంగా, కుదుపు లేకుండా చేయాలి. మా ట్రైనర్ ఒహాయోలో ఒక క్వార్టర్ హార్స్ (అమెరికా జాతి గుర్రం) చూశారు. ధర 35,000 డాలర్లు, పైన ఆయనకు పది శాతం. యజమానితో మాట్లాడతానంటే కుదరదన్నారు. డబ్బు కూడా తన ఖాతాకే పంపమన్నారు. అమ్మేవాళ్ల దగ్గర కూడా ఆయనకు ముడుతుందేమోనని అనుమానం. ఇది ఇక్కడ మామూలేనా?

ఓక్లహోమా సవారి
మామూలేనండీ. నేను ఒక ట్రైనర్ దగ్గర పనిచేస్తాను. అక్టోబరులో కొలంబస్‌లో క్వార్టర్ హార్స్ కాంగ్రెస్ అనే పెద్ద గుర్రాల పోటీ జరిగేటప్పుడు తెల్లవారకముందే వార్మప్ దగ్గర నిలబడి చూస్తేనే ఏ గుర్రం నిజంగా నెమ్మదైనదో, దేన్ని బాగా అలసగొట్టి లోపలికి తెస్తున్నారో తెలుస్తుంది. ఆ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది. దానికి డబ్బు తీసుకుంటే తప్పేంటి? గుర్రం సంగతి ట్రైనర్ దగ్గర తెలుసుకుని, తర్వాత నేరుగా యజమానితో బేరం కుదుర్చుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. అందుకే ఫోన్ నంబర్లు ఇవ్వరు.

లెక్సింగ్టన్ రామం
కష్టానికి డబ్బు తీసుకోవడం మీద గొడవ లేదు, చెప్పకుండా తీసుకోవడం మీదే. యజమాని 22,000 చాలంటుంది అనుకోండి. ఆమె ట్రైనర్ 27,000 అంటాడు, మీ ట్రైనర్ మీకు 35,000 చెబుతాడు, దాని మీద మళ్లీ పది శాతం. ధర పెరిగేకొద్దీ ఆయన వాటా పెరుగుతుంటే, మీ తరఫున బేరమాడేది ఎవరు?

మా కెంటకీలో 2006 నుంచి దీనికి చట్టం ఉంది. పందెం గుర్రమైనా షో గుర్రమైనా, ఒకే మనిషి ఇద్దరి తరఫునా ఉంటే ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అవతలి వాళ్ల నుంచి 500 డాలర్లకు మించి ఏది తీసుకున్నా తన పార్టీకి చెప్పి, రాతలో ఒప్పించుకోవాలి. మీ బేరానికి ఆ చట్టం వర్తించకపోవచ్చు. అయినా అదే కాగితం మీరూ అడగండి.

యజమాని పేరు ఎలాగూ దాగదు. ఈ జాతి గుర్రాలను నమోదు చేసే క్వార్టర్ హార్స్ సంఘంలో గుర్రం మీ పేరుకు మారాలంటే, రికార్డులో ఉన్న యజమాని సంతకం పెట్టాల్సిందే. అమ్మకపు రసీదు మీద కూడా ఆమె సంతకం, ఆమెకు చేరిన మొత్తం ఉండాలని అడగండి.

వెట్ క్లినిక్ పద్మ
అన్నా, డాక్టర్‌ను మీరే పెట్టుకోండి. అమ్మేవాళ్ల గుర్రాలకు వైద్యం చేసే డాక్టర్ వద్దు. కాళ్ల ఎక్స్‌రేలు, కాలు మడిచి పట్టి వదిలాక కుంటుతుందేమో చూసే పరీక్ష చేయించండి. అదే రోజు రక్తం తీసి దాచమనండి. మందు ఇచ్చి నెమ్మదిగా చూపించారేమో తర్వాతైనా తేల్చుకోవచ్చు. నిదానంగా కనిపించాలని తోక కదలకుండా ఇంజెక్షన్ చేసిన గుర్రాలూ ఉంటాయి, తోక ఎత్తి చూడమనండి.

వంశంలో 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే మగగుర్రం ఉంటే, హెచ్‌వైపీపీ అనే వంశపారంపర్య కండరాల జబ్బుకు పరీక్ష తప్పనిసరి. ఆ జబ్బుతో కండరాలు వణుకుతాయి, ఒక్కోసారి గుర్రం కూలబడుతుంది. పైన పిల్ల ఉంటుంది కదా! రెండు జన్యువులూ చెడ్డవాటిని 2007 నుంచి పుట్టినవైతే సంఘం నమోదు చేయదు, ఒకటి చెడ్డదైతే చేస్తుంది. అంటే కాగితాలుంటే చాలనుకోవద్దు.

ఓక్లహోమా సవారి
పద్మగారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. రసీదు విషయంలో మాత్రం కొంచెమే. మధ్యలో ట్రైనర్ తన డబ్బుతో గుర్రాన్ని కొని, ఆర్నెల్లు మేపి, శిక్షణ ఇచ్చి అమ్మితే అది అతని సరుకు. అప్పుడు పాత ధర చెప్పాల్సిన పని లేదు.

లెక్సింగ్టన్ రామం
నిజంగా కొన్నాడంటే ఒప్పుకుంటాను. అప్పుడు గుర్రం కాగితాల మీద అతని పేరే ఉంటుంది, మీ దగ్గర వేరే కమిషన్ అడగడు. ఇక్కడ పది శాతం అడుగుతున్నాడంటే మీ తరఫు మనిషినని ఒప్పుకున్నట్టే.

ఫ్రిస్కో నాన్న
కాగితాల ఫొటో పంపమని ఇప్పుడే ట్రైనర్‌కు మెసేజ్ పెట్టాను. యజమాని సంతకం, ఆమెకు చేరే మొత్తం రాసిన రసీదు లేకుండా డబ్బు పంపనని కూడా చెప్పాను. ఒహాయోలో గుర్రాల డాక్టర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి పద్మగారూ.