పెట్-ఎంఆర్‌ఐ రాశారు. పెట్-సీటీతో సరిపోతుందా?

కోనసీమ కొబ్బరి (అమలాపురం):
అమ్మకు 61 ఏళ్ళు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. పదిహేను రోజుల క్రితం కాకినాడలో పొత్తికడుపుకు ఎంఆర్‌ఐ తీయించాం. ఇప్పుడు హైదరాబాద్‌లో డాక్టరు గారు పెట్-ఎంఆర్‌ఐ రాశారు. ఫోను చేస్తే ఒకచోట ఆ యంత్రమే లేదన్నారు, ఇంకోచోట "పెట్-సీటీ తీస్తాం, రెండూ ఒకటే" అన్నారు. నిజంగా ఒకటేనా? తీయించుకున్నవాళ్ళు చెప్పండి. అమ్మకు రాత్రి బస్సంటేనే భయం.

గౌతమి ఒడ్డు (కాకినాడ):
ఎంఆర్‌ఐ గదిలో పన్నెండేళ్ళుగా టెక్నీషియన్‌గా ఉన్నాను. ఒకటి కాదండీ. రక్తంలోకి ఎక్కించిన రేడియోధార్మిక చక్కెరను ఏ కణాలు ఆబగా తింటున్నాయో పెట్ చూపిస్తుంది. అవి ఒంట్లో సరిగ్గా ఎక్కడున్నాయో తెలియడానికి ఒక పటం కావాలి. ఆ పటం సీటీ ఇస్తే పెట్-సీటీ, ఎంఆర్‌ఐ ఇస్తే పెట్-ఎంఆర్‌ఐ. గర్భాశయం, ప్రోస్టేట్, మెదడు, కాలేయం వంటి మెత్తని భాగాలకు ఎంఆర్‌ఐ పటం మేలు. గడ్డ ముఖద్వారం దాటి పక్కకు పాకిందా లేదా అన్నది సీటీలో స్పష్టంగా తెలియదు. ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలకు మాత్రం సీటీయే గతి. అందుకే పెట్-ఎంఆర్‌ఐ తీసినా ఛాతీకి విడిగా సీటీ రాస్తుంటారు.

పాత పెట్ యంత్రాల్లో వెలుగును పట్టే గొట్టాలు అయస్కాంతం పక్కన పనిచేయవు. ఆ చిక్కు విప్పి, ఒళ్ళంతా ఒకేసారి తీసే జంట యంత్రాన్ని 2010లో మ్యూనిక్‌లో పెట్టారు. ఇప్పటికీ ఖరీదైన సరుకే. చాలా ఆసుపత్రుల్లో జరిగేది వేరు: పెట్-సీటీ ఒకరోజు, ఎంఆర్‌ఐ మరోరోజు తీసి, కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పరుస్తారు. తలకైతే చక్కగా కుదురుతుంది. పొత్తికడుపులో మూత్రాశయం నిండుతుంది, పేగులు కదులుతాయి, కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

కాకినాడ ఎంఆర్‌ఐ చేతిలో ఉండగా ఈ స్కానులో కొత్తగా ఏం తేలాలి? ముందు ఇది అడగండి.

చెరువు గట్టు (భీమవరం):
నాకు లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. రెండుసార్లు పెట్-సీటీ అయింది, మొదటిసారి ఖర్మ నాదే. ఆరు గంటలు ఏమీ తినకూడదన్నారు, నీళ్ళు తాగవచ్చన్నారు. దారిలో కొబ్బరి బోండాం తాగాను. మనవైపు అది నీళ్ళ లెక్కే కదా! సూది వేసే ముందు అడిగితే నిజం చెప్పాను, వెనక్కి పంపేశారు. కొబ్బరి నీళ్ళలో ఉన్నది చక్కెరేనట. పైగా ముందురోజు రాత్రి రొయ్యల పట్టుబడికి వల లాగి వచ్చాను. అలా శ్రమపడితే మందును కండరాలే లాగేసుకుంటాయని, భుజాలు, తొడలు వెలిగిపోయి అసలు గడ్డ మరుగున పడుతుందని అక్కడివాళ్ళు కోప్పడ్డారు. మీ అమ్మగారికి షుగరు ఉంటే ఫోనులోనే చెప్పండి, మామూలుగా 200 దాటితే తీయరు.

వేళకు చేరండి. ఆ మందు 110 నిమిషాలకు సగమైపోతుంది. గంట ఆలస్యమైతే దాదాపు మూడో వంతు గాలికి పోయినట్టే.

పాలకొల్లు మాస్టారు:
నాది ప్రోస్టేట్. నాకు అచ్చమైన జంట యంత్రంలోనే తీశారు. మందు చక్కెర కాదు, గాలియం కలిపినది. దానికి ఉపవాసం అక్కరలేదన్నారు. అది 68 నిమిషాలకే సగమవుతుంది. ఆసుపత్రిలోనే తయారుచేసి వరుసగా నలుగురైదుగురికి ఒకే రోజు పెట్టుకుంటారు. గొట్టంలో దాదాపు గంట పడుకోబెట్టారు. చప్పుడు మాత్రం రైసు మిల్లులో పడుకున్నట్టే! మా పక్కింటాయనకు పేస్‌మేకర్ ఉందని ఎంఆర్‌ఐ వద్దని, పెట్-సీటీతో సరిపెట్టారు.

గోస్తనీ కాలువ (తణుకు):
ఎవరూ చెప్పనిది ఒకటుంది. మా అత్తగారు మంగళసూత్రాలు తీయనని గది బయట గంటసేపు ఏడ్చారు. ఎంఆర్‌ఐ కలిసినప్పుడు మెట్టెలు, నల్లపూసలు, గాజులు అన్నీ తీయాలి. చివరికి పసుపు కొమ్ము కట్టిన పసుపుతాడు వేశాం, అప్పుడు లోపలికి వెళ్ళారు. అమ్మగారికి ముందే సర్దిచెప్పి, ఆ తాడు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి.

గౌతమి ఒడ్డు:
గోస్తనీ గారూ, బాగా గుర్తుచేశారు. బంగారాన్ని అయస్కాంతం లాగదు గానీ బొమ్మ చెడుతుంది. అసలు ప్రమాదం సూత్రాల గొలుసుకు వేలాడే పిన్నీసులతో. ఉక్కుది బాణంలా లేస్తుంది. జాకెట్టు లోపల గుచ్చుకున్నవి కూడా చూడండి. స్కాను అయ్యాక ఆ రోజంతా పసిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు, గర్భిణులకు దూరంగా ఉండాలి, నీళ్ళు బాగా తాగాలి. తిరుగు బస్సులో పక్క సీటు ఎవరిదో చూసుకోండి.

కోనసీమ కొబ్బరి:
డాక్టరు గారిని అడిగాను. గడ్డ ఎంతవరకు ఉందో కాకినాడ ఎంఆర్‌ఐలో తెలిసిందట. ఇక చూడాల్సినవి లింఫ్ గ్రంథులు, మిగతా ఒళ్ళు, దానికి పెట్-సీటీ చాలన్నారు. "ఒకేసారి అయిపోతుందని అలా రాశాను" అన్నారు. వచ్చే సోమవారం ఉదయం తొమ్మిదికి ఇచ్చారు. ముందురోజే వెళ్ళి బంధువుల ఇంట్లో ఉంటాం. అమ్మ ఇప్పటినుంచే పసుపుతాడు పేనుతోంది, ఈసారికి అక్కరలేదేమో అన్నా వినడం లేదు.

పాలకొల్లు మాస్టారు:
శుభం. కాకినాడ ఎంఆర్‌ఐ కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకండి, డిస్కు కూడా తీసుకెళ్ళండి. బొమ్మల మీద బొమ్మలు పరచాలంటే వాళ్ళకు అదే కావాలి.