కోబాల్‌ని బ్యాంకులు వదిలేస్తాయా?

మాధాపూర్ ఫ్రెషర్:
జావా నేర్చుకుని చేరితే మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులు వాడే పెద్ద కంప్యూటర్) ప్రాజెక్టులో వేశారు, పని కోబాల్‌లో. క్లయింట్ అమెరికా బ్యాంకు. 1959లో మొదలైన ప్రోగ్రామింగ్ భాష! నేను నేర్చుకునేలోపు వాళ్లు దాన్ని తీసి పారేస్తే నా గతేంటి? బాగా టెన్షన్‌గా ఉంది. ప్రాజెక్టు నుంచి రిలీజ్ అడగనా?

పాత బ్యాచ్:
తమ్ముడూ, నేను అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నది వైటూకే (2000 సంవత్సరం తేదీల సమస్య) రోజుల్లో. 2000 దాటితే దీని పని అయిపోయినట్టే అని అప్పుడూ అన్నారు. ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నది ఇదే.

బ్యాంకులకు దీని మీద ప్రేమేం లేదు, మార్చాలంటే భయం. ఆస్ట్రేలియాలో కామన్‌వెల్త్ బ్యాంక్ 2008లో ఖాతాలు నడిపే కోర్ సిస్టమ్ మార్చడం మొదలుపెడితే ఐదేళ్లు పట్టింది, ఖర్చు వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఖాతాలన్నీ కొత్త ప్లాట్‌ఫాం మీదికి మార్చింది. లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు, ఆ ఏడాదే సీఈఓ దిగిపోయాడు. అది కోబాల్ గొడవ కాదులే, కానీ బ్యాంకు బోర్డులకు గుర్తుండేది అదే.

భాష మార్చడం పెద్ద పని కాదు, పాత కోడ్‌లో దాగిన రూల్స్‌తోనే చిక్కు. మా దగ్గర వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రాం మధ్యలో ఒక ఇఫ్ ఉంది: ఫలానా బ్రాంచి ఖాతా అయితే రౌండింగ్ చెయ్యొద్దని. ఎందుకో ఎవరికీ తెలీదు. రాసినాయన రిటైరయ్యాడు, డాక్యుమెంట్ లేదు. తీసేద్దామంటే సంతకం పెట్టే మేనేజర్ లేడు. జావాలో తిరగరాసినా ఆ ఇఫ్ అలాగే వస్తుంది.

క్లౌడ్ టీమ్:
పూర్తిగా ఒప్పుకోను. ఒకేసారి తియ్యరు, చుట్టూ కొరుక్కుంటూ వస్తారు. మా క్లయింట్ దగ్గర కొత్తవేవీ కోబాల్‌లో రాయట్లేదు. ఐబీఎమ్మే 2023లో కోబాల్‌ని జావాలోకి మార్చే ఏఐ టూల్ తెచ్చింది.

పాత బ్యాచ్:
తెచ్చింది, నేనూ చూశాను. అదిచ్చిన జావా సరిగ్గా ఉందో లేదో చెప్పాలంటే కోబాల్ చదివేవాడు కావాలిగా? తమ్ముడూ, రిలీజ్ అడక్కు. జావా వదలకు, జేసీఎల్ (మెయిన్‌ఫ్రేమ్‌లో జాబ్‌లు నడిపే భాష), డీబీ2 (ఐబీఎం డేటాబేస్) మాత్రం గట్టిగా పట్టు. కాంప్-3 ఫీల్డులో (కోబాల్‌లో అంకెలు కుదించి దాచే చోటు) అంకెల బదులు స్పేసులొచ్చి అర్ధరాత్రి జాబ్ సాక్ సెవెన్ అనే ఎర్రర్‌తో పడిపోతే, డంప్ (పడిపోయినప్పటి మెమరీ కాపీ) చూసి ఏ రికార్డో చెప్పగలిగేవాణ్ణి ఏ క్లయింటూ వదులుకోడు.

మాధాపూర్ ఫ్రెషర్:
థాంక్స్ అన్నా. డంప్ చదవడం ఎక్కడ నేర్పిస్తారు?

పాత బ్యాచ్:
ఎక్కడా నేర్పరు. ప్రొడక్షన్ సపోర్ట్‌లో నైట్ షిఫ్ట్ అడుగు. ఎవరూ అడగరు కాబట్టి వెంటనే ఇచ్చేస్తారు.