పవర్ సేవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలా? ప్రాసెసర్ వేగం తగ్గిస్తే చార్జింగ్ నిజంగా ఎక్కువసేపు వస్తుందా?

తంగేడు (చర్చ ప్రారంభం):

ల్యాప్‌టాప్ చార్జింగ్ తొందరగా అయిపోతోందని ఎవరు అడిగినా వెంటనే వచ్చే సలహా ఒకటే: పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 50 శాతానికి దించి, పవర్ సేవర్‌ను ఎప్పటికీ ఆన్‌లోనే ఉంచమంటారు. ఈ సలహా చాలా సందర్భాల్లో అనవసరమనీ, కొన్ని సందర్భాల్లో నష్టం కూడా చేస్తుందనీ నా వాదన. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రాన్ని తీసుకుందాం. టైపు చేస్తూనో చదువుకుంటూనో ఉన్నప్పుడు అది మొత్తం మీద 8 వాట్లు లాగుతోందనుకుంటే చార్జింగ్ ఆరుంబావు గంటలు వస్తుంది. ఆ 8 వాట్లలో తెర ఒక్కటే 3, 4 వాట్లు తీసుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటుంది. అది ఎలాగూ చేరుకోని పరిమితిని సగానికి దించితే మనకు మిగిలేదేమిటి? అదే, తెర వెలుతురు తగ్గించి 2 వాట్లు ఆదా చేస్తే చార్జింగ్ ఎనిమిది గంటలు దాటుతుంది. ఇక భారీ పని ఉన్నప్పుడు వేగం తగ్గిస్తే ఆ పని ఎక్కువసేపు సాగుతుంది, అంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి పని త్వరగా ముగించి త్వరగా విశ్రాంతిలోకి వెళ్లనివ్వడమే మేలు.

నందివర్ధనం:

తంగేడు గారూ, తెర విషయంలో మీ లెక్కతో నాకు పేచీ లేదు. పని త్వరగా ముగించడమే పొదుపు అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ప్రాసెసర్ పని చేసేటప్పుడు లాగే విద్యుత్తు దాని వేగంతో పాటు వోల్టేజి వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. పైగా వేగం పెంచాలంటే వోల్టేజిని కూడా పెంచక తప్పదు. అందుకే టర్బో స్థాయిలో, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని మించి కాసేపు పరుగెత్తేటప్పుడు, దొరికే ఆ చివరి కొద్దిపాటి వేగం చాలా ఖరీదైనది.

లెక్క తేలిగ్గా ఉండే అంకెలతో చూద్దాం. ఒక పనిని టర్బోతో ప్రాసెసర్ 30 వాట్ల చొప్పున 10 సెకన్లలో ముగించిందనుకోండి, ఖర్చు 300 జౌళ్లు (ఒక వాట్ చొప్పున ఒక సెకను లాగితే ఒక జౌల్). అదే పనిని 12 వాట్ల చొప్పున 20 సెకన్లలో చేస్తే 240 జౌళ్లే. మొదటి సందర్భంలో మిగిలిన 10 సెకన్లూ ప్రాసెసర్ ఖాళీగా ఉండి 1 వాట్ చొప్పున లాగినా, తేడా 310కి 240. మీరు తెరను కూడా లెక్కలో కలపమంటున్నారు. తెర, మిగతా భాగాలు కలిపి 5 వాట్లు అనుకొని, పని అయిన మరుక్షణం మూత వేసేస్తే, టర్బోతో 350, టర్బో లేకుండా 340 జౌళ్లవుతాయి, అంటే తేడా దాదాపు లేనట్టే. అయితే మనలో ఎంతమంది పని అవగానే మూత వేస్తాం? పేజీ తెరుచుకున్నాక దాన్ని చదువుతాం, ఫైలు తయారయ్యాక దాన్ని పరిశీలిస్తాం. తెర ఎలాగూ వెలిగే ఉంటుంది కనుక టర్బో ఆపినవారిదే లాభం. అందుకు 50 శాతానికి దించనవసరం లేదు. చాలా ఇంటెల్ యంత్రాల్లో ఆ సెట్టింగును 99 శాతం చేస్తే చాలు, టర్బో ఆగిపోతుంది, ఫ్యాను చప్పుడు కూడా తగ్గుతుంది. కొత్త యంత్రాల్లో ఈ సెట్టింగు పైకి కనబడకపోవచ్చు. అక్కడ పవర్ మోడ్‌ను పొదుపు వైపు జరపడమే మార్గం.

కనకాంబరం:

మీరిద్దరూ యంత్రం పని చేసే సమయాన్నే లెక్కిస్తున్నారు. నేను చూసిన ఫిర్యాదుల్లో చాలా వరకు మూత వేసి సంచిలో పెట్టిన తర్వాత జరిగే నష్టం గురించే. మోడర్న్ స్టాండ్‌బై ఉన్న ల్యాప్‌టాప్‌లు నిద్రలోనూ నెట్‌వర్కును పలకరిస్తూ ఉంటాయి. ఒక్కోసారి తెల్లారేసరికి చార్జింగ్ గణనీయంగా తగ్గి, సంచి వెచ్చబడి ఉంటుంది. గంటల తరబడి వాడనప్పుడు హైబర్నేట్ పెట్టుకుంటే, మెమరీలో ఉన్నదంతా డిస్కులోకి రాసి యంత్రం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. అలాగే 120 హెర్ట్జ్ తెర (సెకనుకు 120 సార్లు బొమ్మను మార్చేది) ఉన్నవారు బ్యాటరీ మీద ఉన్నప్పుడు 60కి మార్చుకోవడం మంచిది. డార్క్ థీమ్ పెట్టుకోమని చెప్పేవారు మాత్రం అది ప్రతి చుక్కా విడిగా వెలిగే ఓలెడ్ తెరలకే పనికొస్తుందని కూడా చెప్పాలి, ఎందుకంటే ఎల్‌సీడీలో నల్లని పేజీ వెనకా దీపం అలాగే వెలుగుతుంది.

పొగడ:

ఒక్క మాట. ఒక చార్జింగ్ ఎంతసేపు వస్తుందన్నది వేరు, బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందన్నది వేరు. లిథియం-అయాన్ సెల్‌ను నిండుగా, అంటే 4.2 వోల్టుల దగ్గర, పైగా వేడిలో ఎక్కువకాలం ఉంచితే దాని సామర్థ్యం త్వరగా క్షీణిస్తుంది. రోజంతా చార్జరుకు తగిలించి వాడేవారికి పవర్ సేవర్ కంటే 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగే ఎక్కువ ఉపయోగం. నందివర్ధనం గారు చెప్పిన టర్బో ఆపడం ఇక్కడ కూడా కలిసొస్తుంది, వేడి తగ్గుతుంది కాబట్టి.

తంగేడు:

నందివర్ధనం గారూ, బరువైన పనుల్లో టర్బో ఆపడం వల్ల లాభం ఉందన్నది మీ లెక్కలో స్పష్టంగానే ఉంది. నా అభ్యంతరం 50 శాతం సలహా మీదా, దాన్ని అందరికీ ఒకే మందులా రాసివ్వడం మీదా. వీడియో కాల్‌లో ఉన్న మనిషికి మాట తెగిపోతూ, చిత్రం ఆగిపోతూ ఉంటే అరగంట అదనపు చార్జింగ్ ఏం చేసుకోను? చదవడం, రాయడం తప్ప వేరే పని లేనివారికి ఆ పరిమితి వల్ల కలిసొచ్చేదీ లేదు.

ఎవరి యంత్రంలో ఏది నిజమో తేల్చుకోవడం కష్టం కాదు. తెర వెలుతురు ఒకే స్థాయిలో ఉంచి, అదే పనిని ఒకసారి టర్బోతో, ఒకసారి లేకుండా చేసి చూడండి. లినక్స్ వాడేవారికి పవర్‌టాప్ అనే ప్రోగ్రాం అప్పటికప్పుడు ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో చూపిస్తుంది. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అనే కమాండ్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో ఎంతసేపట్లో ఎంత ఖర్చయిందో, బ్యాటరీ తొలి సామర్థ్యం ఎంతో, ఇప్పుడు ఎంత మిగిలిందో అన్నీ ఉంటాయి. సామర్థ్యమే సగానికి పడిపోయి ఉంటే ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు, కనుక ముందు ఆ అంకె చూసి తర్వాతే మిగతా మార్పులు మొదలుపెట్టండి.