మిర్యాలగూడ ఎండలో ఎడిటింగ్ పీసీ: ప్రాసెసర్ ఏది మార్చాలి, కూలర్ ఏది వేయాలి?

మిర్యాలగూడ ఎడిటర్:
అందరికీ నమస్కారం. పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. నా పీసీ రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా). కూలర్ మాత్రం ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన చిన్నదే. గది పై అంతస్తులో ఉంది, మీద స్లాబు తప్ప ఇంకేమీ లేదు. చలికాలంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఏప్రిల్ వచ్చిందంటే ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ఫ్యాన్ మోత మొదలు, వేడి 93 డిగ్రీల దాకా పోతుంది, పని నత్తనడక. పెళ్లివాళ్లేమో రోజూ ఫోన్. హైదరాబాద్‌లో ఒక షాపాయనను అడిగితే మొత్తం మార్చేయమన్నాడు: కోర్ ఐ7 14700, కొత్త బోర్డు, కొత్త ర్యామ్, మూడు ఫ్యాన్ల లిక్విడ్ కూలర్. అంత పెట్టాలంటే అప్పు చేయాలి. బోర్డు ఉంచుకుని ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా? లిక్విడ్ కూలర్ అయితేనే మన ఎండకు తట్టుకుంటుందా?

పాలమూరు సర్వీస్:
తమ్మీ, కొనే సంగతి కాసేపు పక్కన పెట్టు. ముందు ఆ 93 ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం.

ఏ కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లగా ఉంచలేదు. లిక్విడ్ కూలరూ అంతే. అందులోని నీళ్లు వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి, అక్కడ ఆ రేకులను చల్లార్చేది మళ్లీ నీ గదిలో గాలే. గాలే 41 డిగ్రీలుంటే నీళ్లు ఏం చేస్తాయి? అందుకని 93 అనే అంకెను చూసి భయపడకు, గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా చూడు. గది 41 అనుకుంటే తేడా 52. జనవరిలో గది 25 ఉన్నప్పుడు అదే 52 కలిపితే 77. అప్పుడు నీకు ఏమీ తెలియదు. లోపం అప్పుడూ ఉంది, చలి దాన్ని కప్పింది. 2600కు హద్దు 95. ఆ దరిదాపుల్లోకి వస్తే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, నీ ఎక్స్‌పోర్ట్ నత్తనడక నడిచేది అందుకే.

ఒక పని చెయ్యి. మధ్యాహ్నం పూట ఒకే ప్రాజెక్టును క్యాబినెట్ పక్క మూత పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. రెండుసార్లూ అరగంట తరువాత వేడి ఎంతుందో రాసుకో. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో, మొత్తం కనిపిస్తుంది. గదిలో ఒక థర్మామీటర్ కూడా పెట్టు.

సూర్యాపేట గేమర్:
అన్నా, బోర్డు మార్చే పనే లేదు. బీ450 మీద రైజెన్ 5000 సిరీస్ నడుస్తుంది. 5800ఎక్స్ తీసుకోండి, రాకెట్‌లా ఉంటుంది.

పాలమూరు సర్వీస్:
సిరీస్ కరెక్టే, మోడల్ వద్దు. 5800ఎక్స్, 5700ఎక్స్ రెండింటికీ 8 కోర్లు, 16 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ). గరిష్ఠ వేగం మొదటిదానిది 4.7 గిగాహెర్ట్జ్, రెండోదానిది 4.6. మరి కరెంటు? 5800ఎక్స్ డబ్బా మీద 105 వాట్లు అని ఉన్నా, పని పెడితే 142 వాట్ల దాకా లాగే అనుమతి దానికి ఉంది. 5700ఎక్స్ మీద 65 అని రాసి ఉంటుంది, 76 దగ్గర ఆగుతుంది. అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు 5800ఎక్స్ కొంచెం ముందుంటుంది, కాదనను. కానీ ఆ కొంచెం కోసం ఇంచుమించు రెట్టింపు వేడిని స్లాబు కింది గదిలో పోసుకోవాలి. మన నల్లగొండ, పాలమూరు దిక్కు మేలో బయటే 44, 45 అవుతుంది. ఇక్కడ ప్రాసెసర్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది వాట్లు, ఆ తరువాతే గిగాహెర్ట్జ్.

షాపాయన చెప్పిన 14700 గట్టి ప్రాసెసరే. 20 కోర్లు. దాని మీద కూడా 65 అనే ఉంటుంది, కానీ ఇంటెల్ లెక్కలోనే గరిష్ఠం 219 వాట్లు. అంతకు తగ్గ కూలర్, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ కావాలి, బిల్లు పెరిగేది అక్కడే. పైగా దానికి డీడీఆర్4 బోర్డులు కూడా దొరుకుతాయి, ర్యామ్ మార్చాల్సిందే అన్నది పూర్తి నిజం కాదు.

దేవరకొండ డీటీపీ:
ఇంటెల్ 13, 14 తరాల్లో ప్రాసెసర్లు పాడవుతున్నాయని విన్నాను, నిజమేనా?

పాలమూరు సర్వీస్:
నిజమే. ఎక్కువ వోల్టేజీ వల్ల కొన్ని మోడళ్లు మెల్లగా దెబ్బతిని పీసీ క్రాష్ అయ్యేది. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. ఇప్పుడు కొనేవాళ్లు బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) కొత్తది వేసుకుంటే భయపడక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం నేను ముట్టుకోను, అది ఇన్నాళ్లూ ఏ వోల్టేజీ తిన్నదో ఎవరికి తెలుసు.

నల్లగొండ స్టూడియో:
ఒక్క నిమిషం. అసలు మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంది? రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ (వీడియోను కుదించే ఒక పద్ధతి) అయితే లెక్క మొత్తం మారిపోతుంది. దాన్ని డీకోడ్ చేయడం, అంటే విప్పి చదవడం, జీటీఎక్స్ 1650 వల్ల కాదు, భారం మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. టైమ్‌లైన్ జరిపితేనే ఆగి ఆగి వస్తుంది. ఆ ఫుటేజీకి ఇంటెల్‌లో లోపల గ్రాఫిక్స్ ఉన్న మోడల్ బాగా పనికొస్తుంది, దానిలో వీడియో చదివే భాగం, క్విక్ సింక్, 11వ తరం నుంచీ ఆ ఫార్మాట్ చదువుతుంది. పేరు చివర 'ఎఫ్' ఉన్నవి తీసుకోవద్దు, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. 8 బిట్ 4:2:0 అయితే మీ కార్డే చదివేస్తుంది, రైజెన్ చాలు.

మిర్యాలగూడ ఎడిటర్:
కెమెరాలో చూశాను, 8 బిట్ 4:2:0. టైమ్‌లైన్ బాగానే కదులుతుంది. కలర్ ఎఫెక్టులు వేసి ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడే బాధ.

అన్నా, మీరు చెప్పిన పరీక్ష చేశాను. గది 41. మూత పెడితే 93, తీస్తే 82. ఇంత తేడా అనుకోలేదు. క్యాబినెట్ ముందు మొత్తం గాజు, గాలి పోవడానికి పక్కన సన్నటి చీలికలే. లోపల వెనుక ఫ్యాన్ ఒక్కటే ఉంది. కూలర్ రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది.

పాలమూరు సర్వీస్:
మంచిది, 11 డిగ్రీలు క్యాబినెట్ ఖాతాలోకి పోయాయి. దానిలో లిక్విడ్ కూలర్ పెట్టినా ఆ గాజు వెనుకే ఉక్కిరిబిక్కిరి అయ్యేది.

కాబట్టి నీకు నా సలహా: 5700ఎక్స్, ఒక మంచి టవర్ కూలర్ (నిలువుగా నిలబడే రేకులు, వాటికి ఫ్యాన్ ఉన్నది), ముందు జాలీ ఉన్న క్యాబినెట్. లిక్విడ్ వద్దు. 76 వాట్లకు అది అనవసరం, పైగా అందులో పంపు ఒక రోజు ఆగిపోతుంది, సీజన్ మధ్యలో ఆగితే నీ గతేంటి? టవర్ కూలర్‌లో చెడేది ఫ్యాన్ ఒక్కటే, అది మన దగ్గరే దొరుకుతుంది. 450 వాట్ల ఎస్ఎంపీఎస్ మంచి కంపెనీదైతే అదే చాలు. పాత 2600 కూడా 65 వాట్ల తరగతిదే, ఎస్ఎంపీఎస్ మీద పెద్ద భారమేమీ పెరగదు.

కొనేటప్పుడు పేరు అక్షరం అక్షరం చదువుకో. 5700, 5700జీ, 5700ఎక్స్ మూడూ వేరు. మొదటి రెండింటిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీయే. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, మళ్లీ షాపుకు తిరగకుండా రెండూ ఒకేసారి తెచ్చుకో. ట్రే ప్రాసెసర్ అని డబ్బా లేకుండా విడిగా అమ్ముతారు, దానికి ఆ షాపువాడి మాటే వారంటీ. సీల్డ్ బాక్స్ అయితే ఏఎండీ మూడేళ్లు ఇస్తుంది.

కూలర్‌లో ఒకే ఫ్యాన్, 120 ఎంఎం, నాలుగు రాగి పైపులు ఉన్నది చాలు. డీప్‌కూల్ ఏజీ400 ఎత్తు 150 ఎంఎం, ఏకే400 ఎత్తు 155. క్యాబినెట్ ఎంత ఎత్తు దాకా పడుతుందో దాని వివరాల్లో ఉంటుంది, అది చూడకుండా కొంటే పక్క మూత పట్టదు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనుకది బయటికి తోయాలి. ఏది ఎటు అని అనుమానమొస్తే ఫ్యాన్ చూడు: మోటారును పట్టి ఉంచే నాలుగు పట్టీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

సూర్యాపేట గేమర్:
ర్యామ్ 32 చేయమంటారా?

నల్లగొండ స్టూడియో:
చేస్తే మంచిదే, కానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఉన్నదానితో ఈ సీజన్ నెట్టుకురావచ్చు. డీడీఆర్5 కావాల్సిన ఏఎం5 ప్లాట్‌ఫామ్ (ఏఎండీ కొత్త తరం బోర్డులు, ప్రాసెసర్లు) వైపు ఇప్పుడు చూడకపోవడానికి అదీ ఒక కారణం.

మిర్యాలగూడ ఎడిటర్:
ధన్యవాదాలు. బిగించడం నేనే చేసుకోగలనా? ఇంకో సంగతి, గదిలో ఎయిర్ కూలర్ ఉంది. తేమకు పీసీ పాడవుతుందని ఆపేస్తున్నాను.

పాలమూరు సర్వీస్:
ఎయిర్ కూలర్ ఆపకు! మన ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి అది గదిని బాగానే దించుతుంది, గది ఎంత దిగితే ప్రాసెసర్ దాదాపు అంతే దిగుతుంది. పీసీ లోపలి భాగాలు గాలి కంటే వేడిగా ఉంటాయి కనుక తేమ వాటి మీద నీరుగా పేరుకోదు. అసలు భయం తుంపరలతో. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతో కూలర్ ప్యాడ్ మీద తెల్లగా కట్టే పొర చూస్తే తెలుస్తుంది. ఆ తుంపర పడి ఆరితే బోర్డు మీద కూడా అదే మిగులుతుంది. గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకుండా పక్కకు తిప్పు, కిటికీ తెరిచి పెట్టు.

బిగించడం నువ్వే చేసుకోవచ్చు. వరస మాత్రం తప్పొద్దు. మొదట పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ కొత్తది వెయ్యి. 5700ఎక్స్ 2022లో వచ్చింది, అంతకు ముందటి బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల పట్టిక ఉంటుంది, ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చూసుకో. యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోకు, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు.

తరువాత పాత కూలర్. ఇక్కడే చాలామంది పిన్నులు విరగ్గొట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఉన్న పేస్ట్ (వేడిని కూలర్‌కు దాటించేది) గట్టిపడి కూలర్‌ను, ప్రాసెసర్‌ను అతికించేస్తుంది. నిలువుగా లాగావా, లాక్ వేసి ఉన్నా సాకెట్‌లోంచి ప్రాసెసర్ ఊడి కూలర్‌తో పాటే వస్తుంది. అందుకని ముందు ఒక పది నిమిషాలు ఎక్స్‌పోర్ట్ పెట్టి వేడెక్కనివ్వు, ఆపేసి ప్లగ్ తీసెయ్యి, నాలుగు స్క్రూలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పు. జిగురు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తు. స్క్రూలు విప్పగానే బోర్డు వెనుక ఇనుప ప్లేటు జారి పడుతుంది, కొత్త కూలర్లలో చాలావాటికి అదే కావాలి, పారేయకు. ప్రాసెసర్ మీద బంగారు రంగు త్రికోణం సాకెట్ మూలనున్న త్రికోణానికి ఎదురుగా రావాలి. బలం పెట్టకుండా దానంతట అదే దిగాలి. కొత్త పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత.

దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. మీ ఊళ్లో రైస్ మిల్లుల దుమ్ము వేరే చెప్పాలా? రెండు నెలలకోసారైనా ముందు జాలీ తుడువు.

దేవరకొండ డీటీపీ:
ఒకటి వదిలేశారు. ప్రాసెసర్ మార్చి మొదటిసారి ఆన్ చేయగానే నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం (డ్రైవు తాళాల కీలు దాచే భద్రతా భాగం) గురించి ఇంగ్లిషులో ఏదో వస్తుంది, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతుంది. అది చూసి మా వాడు బోర్డు పోయిందని కంగారుపడి షాపుకు ఎత్తుకుపోయాడు.

పాలమూరు సర్వీస్:
అవును. విండోస్ డ్రైవుకు బిట్‌లాకర్ (డ్రైవుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో ముందే సెట్టింగ్స్‌లో చూసుకో. ఉంటే దాని రికవరీ కీ పెన్‌డ్రైవ్‌లోకో కాగితం మీదకో ఎక్కించుకుని, బిట్‌లాకర్ ఆపేసి, అప్పుడు విప్పు. లేకపోతే పెళ్లివాళ్ల ఫుటేజీ మొత్తం తాళం వెనుక ఉండిపోతుంది. బిట్‌లాకర్ లేకపోతే నిశ్చింతగా వై నొక్కు.